అరవై మంది కూర్చునే గదికి ఏసీ కావాలా?

విజయవాడలో ఒక ఇంటర్మీడియట్ కాలేజీ అనుకోండి. అద్దె భవనం, పై అంతస్తు. 24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు ఉన్న గది. అందులో 60 మంది పిల్లలు. మే నెల, ఎంట్రన్స్ కోచింగ్. గదికి ఏసీలు పెట్టించాలని కాలేజీ కరస్పాండెంటు పట్టుదల. ఆ డబ్బు ఇంకోచోట పెట్టమని రిటైరైన ఫిజిక్స్ మాస్టారి వాదన. కరస్పాండెంటు ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇద్దరూ నా కల్పన. వాళ్ల తగువు మాత్రం స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, ట్యూషన్ సెంటర్లు, ప్రార్థన మందిరాలు నడిపేవాళ్ల మధ్య ఏటా ఉగాది దాటగానే మొదలయ్యేదే. నా మొగ్గు మాస్టారి వైపని ముందే చెప్పేస్తున్నాను. అలాగని కరస్పాండెంటును సులువుగా ఓడిపోయేవాడిగా పెట్టలేదు. అతను అడిగిన వాటిలో కొన్నింటికి మాస్టారి దగ్గర పూర్తి జవాబు లేదు.

కరస్పాండెంటు: మాస్టారూ, ఎండ వల్ల చదువు దెబ్బతింటుందన్న మాట మీరూ కాదనరు. అమెరికాలో పీశాట్ అనే పరీక్షను ఒకటికి రెండుసార్లు రాసిన కోటి మంది పిల్లల మార్కుల్ని, ఆయా సంవత్సరాల్లో వాళ్ల ఊళ్లలో కాసిన ఎండల్ని పక్కపక్కన పెట్టి చూశారు. బడి జరిగిన రోజుల సగటు వేడి ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏడాది నేర్చుకునే దాంట్లో ఒక శాతం తరుగు తేలింది. ఏసీ ఉన్న బడుల్లో ఆ తరుగు దాదాపుగా లేదు. వాళ్ల ఎండలు మన ఎండల ముందు ఎంత? 2015 మే నెలలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లోనే వెయ్యి మందికి పైగా పోయారు. ఇలాంటి ఊళ్లో, ఎండ నేరుగా పడే స్లాబు కింద, మధ్యాహ్నం మూడింటికి ఇంటిగ్రేషన్ చెబితే ఎవడి బుర్రకి ఎక్కుతుంది? గదికి ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు చాలని మెకానిక్ లెక్క కట్టి ఇచ్చాడు. ఈఎంఐ మీద వస్తాయి. ఇంకా ఫ్యాన్లు, కిటికీలు అంటూ కూర్చోవడం నాకు చాదస్తంగానే కనిపిస్తోంది, ఏమీ అనుకోకండి.

మాస్టారు: అనుకోనులే. ఎండ చదువును చెడగొడుతుందన్న దాకా నేను నీ వెంటే. నీ మెకానిక్ లెక్కలోకే వెళదాం. గదిలో వేడి ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే నువ్వు కిటికీ బయట ఎండను చూపిస్తావు. నేను బెంచీలను చూపిస్తాను. ఊరికే కూర్చుని రాసుకుంటున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 60 మందికి 6 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేది మూడున్నర కిలోవాట్లు కాబట్టి, ఎండ సంగతి పక్కన పెట్టి ఒక్క పిల్లలకే టన్నుంబావు చాలదు, దాదాపు టన్నుముప్పావు కావాలి. ఆ వేడి ఏ రూపంలో బయటికొస్తుందో అది ఇంకా ముఖ్యం. మన చర్మం వేడి 34, 35 డిగ్రీలు. గది గాలి కూడా 35కి చేరిందంటే ఒంట్లోంచి గాలిలోకి నేరుగా వేడి దిగదు, చెమట ఆరితేనే దిగుతుంది. 100 వాట్లు చెమట మీద పోవాలంటే గంటకి 150 మిల్లీలీటర్లు ఆరాలి. 60 మందికి 9 లీటర్లు. నీ గదిలో పట్టే గాలి 150 ఘనపు మీటర్లు. 35 డిగ్రీల దగ్గర, తేమ 50 శాతం ఉన్నప్పుడు, ఆ గాలి మొత్తం ఇంకా తాగగలిగింది 3 లీటర్లు. అంటే తలుపులూ కిటికీలూ బిగిస్తే కాగితం మీద లెక్కకి 20 నిమిషాల్లో ఆ గాలి ఇక చుక్క నీరు తీసుకోదు. ఆ తర్వాత చెమట కారుతుంది గాని ఆరదు. అదే గదిలోంచి సెకనుకి ఒక ఘనపు మీటరు గాలి పోతూ, కొత్తది వస్తూ ఉంటే, అంతే మంది, అంతే చెమట, తేమ 50 నుంచి 56 శాతానికి పెరిగి ఆగిపోతుంది. జనం నిండిన గది విషయంలో నేను పట్టుకు వేళ్లాడేది ఈ ఒక్క లెక్కనే. ఇద్దరు పడుకునే పడగ్గదికి చల్లదనం ముందు, గాలి తర్వాత అన్నా నడుస్తుంది. 60 మంది ఉన్న గదికి గాలి మార్పిడి ముందు. అది కుదిరాకే మిగతావి.

కరస్పాండెంటు: ఏసీ తేమను కూడా లాగేస్తుంది కదండీ. వెనక పైపులోంచి నీళ్లు కారేది అందుకేగా? మీ 9 లీటర్లూ అందులోంచే పోతాయి. తలుపులు బిగిస్తే నష్టమేముంది?

మాస్టారు: నీళ్లు పోతాయి. పిల్లలు వదిలిన బొగ్గుపులుసు వాయువు ఆ పైపులోంచి పోదు. గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలి ఒక్క గుక్క కూడా లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 60 మంది వదిలింది 150 ఘనపు మీటర్లలో కలిస్తే గంటకి 7,000 పీపీఎం చొప్పున పెరుగుతుంది. బయట ఉండేది 420 చిల్లర. తలుపు సందుల్లోంచి, బెల్లు కొట్టినప్పుడల్లా కొంత పోతుంది, సరే. అయినా ఒక పీరియడు అయ్యేసరికి 3,000 దాటడం వింతేం కాదు. తలనొప్పి, ఆవలింతలు, గాలాడనట్టు ఉండటం అక్కడే మొదలవుతాయి. 1,400 దగ్గరే ఆలోచన మందగిస్తుందని హార్వర్డ్ వాళ్ల ప్రయోగం ఒకటి ఉంది. దాన్ని అందరూ ఒప్పుకోలేదు కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టను. కాని ఒకడు వదిలిన ఊపిరి ఇంకొకడు పీలుస్తున్నాడన్నదానికి ఆ అంకె మంచి కొలత. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీలు లేని ఒక హోటల్లో మూడు కుటుంబాలు పక్కపక్క బల్లల దగ్గర భోంచేశాయి. ఏసీ గాలి ఆ బల్లల మధ్యే తిరిగింది. ఒకరితో మొదలై, ఆ ఒకరితో కలిపి మొత్తం పది మందికి కోవిడ్ తేలింది. మనకి కోవిడ్ పోయినా క్షయ ఉండనే ఉంది. పెరూ రాజధాని లీమా ఆసుపత్రుల్లో 2007లో ప్రచురించిన కొలతలు చూడు. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గంటకి 28 సార్లు గాలి మారింది. క్షయ రోగుల కోసమే యంత్రాలు పెట్టి కట్టిన గదుల్లో 12 సార్లు. కిటికీలు తెరిచిన గదుల్లోనూ అప్పటికి అర్ధ శతాబ్దానికి ముందు కట్టిన ఎత్తు కప్పుల, పెద్ద కిటికీల గదులైతే 40 సార్లు. ఖరీదైన యంత్రం మీద పాత గది గెలిచింది.

ఇక్కడ నాదో మాట. ఏసీ పెట్టిన మన తరగతి గదుల్లో మొదట కనపడేది ఏసీ కాదు, వెంటిలేటరు. కప్పు కింద గోడలో ఉండే ఆ చిన్న కిటికీ చువ్వల మధ్య థర్మకోల్ ముక్క ఇరికించి, చుట్టూ గోధుమరంగు టేపు అంటించేస్తారు. రెండో ఏడాదికి టేపు ఊడి వేలాడుతుంది, థర్మకోల్ మాత్రం అక్కడే ఉంటుంది. గదిలో వేడెక్కిన గాలి పైకి చేరి బయటపడే దారి అదొక్కటే. కరెంటు పోయినప్పుడు ఆ గది పరిస్థితి ఏమిటన్నది ఏసీ కొనేటప్పుడు ఎవరూ అడగరు.

కరస్పాండెంటు: బయటి గాలి తెచ్చే మెషీన్లూ ఉన్నాయి మాస్టారూ. ఫ్రెష్ ఎయిర్ యూనిట్ అని. ఏసీతో పాటు అది కూడా పెట్టిస్తాను. మీ అభ్యంతరం అక్కడితో తీరిపోయినట్టే.

మాస్టారు: తీరిపోతుంది. నిజంగా పెట్టిస్తే నేను నోరెత్తను. నువ్వు చెప్పిన అమెరికా బడుల్లో ఉన్నది చాలామటుకు అదే, డక్టుల్లోంచి బయటి గాలి కూడా కలుపుకుని వచ్చే ఏసీ. పైగా గదికి పాతిక ముప్ఫై మంది. ఆ బడుల మార్కులు చూపించి ఈ స్ప్లిట్ ఏసీలు కొనడమే నాకు నచ్చనిది. సరే, నీ గదికే కడదాం. మనిషికి సెకనుకి 7 లీటర్ల బయటి గాలి చాలనుకో, పిసినారి లెక్కే. 60 మందికి 420 లీటర్లు. బయట 38 డిగ్రీలు, తేమ 45 శాతం ఉన్న రోజున ఆ గాలిని 26 డిగ్రీలకి దించి, అందులోని నీటిని పిండడానికే 4 టన్నులు పోతుంది. పిల్లలకి, స్లాబుకి, గోడలకి కలిపి దాదాపు మూడు. మొత్తం 7 టన్నులు. నీ మెకానిక్ 3 అన్నాడు. అతను అబద్ధమాడలేదు, బయటి గాలిని లెక్కలోంచి తీసేశాడంతే. ఏసీ చవగ్గా కనిపించేది ఆ తీసేసిన చోటే. 7 టన్నులకి 8 కిలోవాట్ల కరెంటు, రోజుకి ఆరు గంటలు నడిస్తే ఒక్క గదికి 50 యూనిట్ల దాకా. నీకు అలాంటి గదులు ఎన్నున్నాయో నువ్వే హెచ్చించుకో. ఆ వేడంతా ఎక్కడికి పోతుంది? సందులోకి. 2014లో అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద వచ్చిన అధ్యయనంలో ఏసీలు బయటికి వదిలే వేడి వల్ల రాత్రి పూట కొన్నిచోట్ల ఒక డిగ్రీకి పైగా పెరుగుతోందని తేలింది. విశాలమైన రోడ్లున్న ఊరి సంగతది. మన సందుల్లో ఎదురింటి వాళ్ల కిటికీ ఎంత దూరంలో ఉంటుందో నీకు తెలుసు.

కరస్పాండెంటు: లెక్కలు బాగానే ఉన్నాయి. మరి మీరు పెట్టమనేదేమిటి? కిటికీ తెరవమంటారు, బయట 42 డిగ్రీలు. తెరిస్తే వచ్చేది వడగాలి. పిల్లలు మాడిపోతారు.

మాస్టారు: ఇదీ అసలు ప్రశ్న. ముందు పైకప్పు. మే నెల ఎండలో బోసి స్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి మూడు నాలుగు గంటలు ఆలస్యంగా కిందికి దిగుతుంది కాబట్టి పన్నెండింటి ఎండ పిల్లల నెత్తిన మూడింటికి, నాలుగింటికి పడుతుంది. చదరపు మీటరుకి 50 వాట్లే దిగుతోందనుకున్నా, 45 చదరపు మీటర్ల స్లాబుకి 2 కిలోవాట్ల పైమాట. క్లాసులో ఇంకో ఇరవై మంది పిల్లల్ని అదనంగా కూర్చోబెట్టినట్టన్నమాట. ఫీజు కట్టని పిల్లలు. పైగా ఒంటికి తెలిసే వేడి గాలి వేడి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గోడలు, కప్పు వేడి కూడా అందులో సగం. కప్పు 40 డిగ్రీల మీద ఉంటే గాలి చల్లగా ఉన్నా మాడు మండుతూనే ఉంటుంది. బోసి సిమెంటు ఎండలో మూడో వంతు కూడా వెనక్కి కొట్టదు. తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, అది లేకపోతే మంచి సున్నం, తెల్ల చైనా మొజాయిక్ పెంకు ముక్కలు, ఏదైనా సుమారు ముప్పావు వంతు వెనక్కి కొడుతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకి దాన్ని తప్పనిసరి చేసింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకీ వర్తిస్తుంది. దుమ్ము పడితే తెలుపు మాస్తుంది, అది నిజం. ఏటా మార్చిలో ఒకసారి కడిగించి, మాసినచోట మళ్లీ వేయించాలి. మీ కాలేజీలో దానికి మనిషి దొరకడనకు, గేటు పక్కన ర్యాంకుల ఫ్లెక్సీ ఏటా మారుతూనే ఉంది.

కరస్పాండెంటు: పూత కంటే తాటాకు పందిరి మేలు కదండీ? మేడ మీద చలువ పందిరి వేయించేస్తే స్లాబుకి ఎండే తగలదు. పెళ్లిళ్లకి వేసేవాళ్లే వచ్చి వేస్తారు, ఖర్చూ తక్కువ.

మాస్టారు: నీడ కోసమైతే అంతకంటే మంచిది లేదు. పిల్లలున్న చోట మాత్రం వద్దు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడి వంటశాల నిప్పు తాటాకు కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. నీ మేడ మీదా తాటాకు, పక్కనే సెల్ టవర్ కేబుళ్లు, కింద దిగడానికి ఒకటే మెట్ల దారి. ఆ మాట ఎత్తకు. ఇక నీ 42 డిగ్రీల వడగాలి. రోజంతా ఒకేలా తెరవమని నేననలేదు. రాత్రి బయట 28, 29కి దిగుతుంది. అప్పుడు కిటికీలు, వెంటిలేటర్లు బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి గోడల్నీ స్లాబునీ చల్లార్చాలి. మీ వాచ్‌మన్ చేసేది దానికి సరిగ్గా తలకిందులు. సాయంత్రం ఆరింటికి తాళం వేసి, పొద్దున ఏడింటికి తీస్తాడు. దొంగల భయమైతే చువ్వల మీద జాలీ కొట్టించు, దోమలూ రావు. పగలు పది దాకా రెండు వైపులా తెరవాలి. ఒకవైపు కిటికీలే ఉంటే ఎదురు గోడకి పైన ఎగ్జాస్టు. వేడి గాలి దానంతటది పైకి పోయి బయటపడుతుందని పుస్తకాల్లో రాస్తారు. నీ 11 అడుగుల గదిలో ఆ ఊపు చాలా తక్కువ. చదరపు మీటరు సందుకి సెకనుకి మూడో వంతు ఘనపు మీటరు కూడా రాదు. అందుకని 18 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు పెట్టు. ఇందాక చెప్పిన సెకనుకి ఒక ఘనపు మీటరు సులువుగా వస్తుంది.

మధ్యాహ్నం సంగతి వేరు. బయట పొడి వేడి ఉన్నప్పుడు కూలర్. నీకిది నామోషీ అనిపించొచ్చు గాని, జనం నిండిన గదికి అంతకంటే కుదిరిన యంత్రం లేదు. ఎందుకంటే అది నడిచేదే బయటి గాలితో. 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీటిని ఆర్చి గాలిని దించగల హద్దు, 24. మంచి ప్యాడ్‌లున్న కూలర్ ఆ తేడాలో ముప్పావు వంతు దించుతుంది, అంటే 28, 29 డిగ్రీల గాలి, అదీ తాజా గాలి. గంటకి 5,000 ఘనపు మీటర్లు తోసే పెద్ద కూలర్ ఉంటే పిల్లల వేడి, తెల్ల పూత వేసిన స్లాబు వేడి కలిపినా గది 32 దగ్గర నిలుస్తుంది. బయటికంటే 10 డిగ్రీలు తక్కువ. మనవాళ్లు చేసే పొరపాటల్లా కూలర్ని గది లోపల పెట్టి, తలుపులు మూసి, ఏసీలాగా వాడటం. అరగంటకి గది ఆవిరి పొయ్యి అవుతుంది, కూలర్ పనికిరాదని అటక ఎక్కిస్తారు. కూలర్ వీపు కిటికీ బయట ఉండాలి, ఎదురుగా గాలి పోయే దారి తెరిచి ఉండాలి. వట్టివేళ్ల తడికలు తడిపి గుమ్మాలకి కట్టినవాళ్లకి ఈ సంగతి తెలుసు, గాలి వచ్చే వైపే కట్టేవాళ్లు.

కరస్పాండెంటు: గంటకి ఎన్ని నీళ్లు తాగుతుంది? కూలర్ తొట్టిలో డెంగీ దోమలు పెరగవూ? ఎగ్జాస్టు మోతకి లెక్చరరు గొంతు చించుకోవాలి. ఇవన్నీ చిన్న విషయాలు అనకండి, రోజూ పడేవాళ్లం మేము.

మాస్టారు: చిన్నవి కావు. నీళ్లు గంటకి 30 లీటర్లు, నీ బాత్రూం ట్యాంకులో కారేదానికంటే తక్కువ. దోమలకి వారానికోసారి తొట్టి ఖాళీ చేసి తోమి ఆరబెట్టడమే మందు. శుక్రవారం డ్రై డే అని మునిసిపాలిటీ వాళ్లు చెప్పేది అదే. మోతకి నిజంగానే పూర్తి మందు లేదు. పెద్ద రెక్కల ఫ్యాను తక్కువ వేగంతో తిప్పితే తగ్గుతుంది, మైకు పెట్టుకున్న లెక్చరర్లు మీకు ఎలాగూ ఉన్నారు. ఇంకొకటుంది, ఏసీ అనగానే నీ మనసులో 24 డిగ్రీలనే అంకె ఉంటుంది. అంత అవసరమా? అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ వాళ్లు ఐదు నగరాల్లో ఆఫీసు ఉద్యోగుల్ని అడిగి మన దేశానికి ఒక సూత్రం కట్టారు. కిటికీలు తెరిచిన భవనాల్లో, బయటి సగటు వేడి 33 ఉన్న నెలలో, 30న్నర డిగ్రీల దగ్గర మనవాళ్లకి హాయిగా ఉంటుంది, 33 దాకా పదిలో తొమ్మిది మంది ఒప్పుకుంటారు. 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళిలో ఆ సూత్రాన్ని పెట్టారు. కాబట్టి నీ గురి 24 కాదు, 32. ఫ్యాన్ గాలి ఒంటికి సెకనుకి మీటరు వేగంతో తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. నీ గదిలో నాలుగు ఫ్యాన్లున్నాయి, అన్నీ నడి వరసలోనే. గోడవార కూర్చున్నవాళ్లకి గాలి లేదు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఎనిమిది, పైన చెప్పిన ఎగ్జాస్టులు రెండు, ఆరు గంటలకి అన్నీ కలిపి 4 యూనిట్లు దాటవు.

కరస్పాండెంటు: ఆఫీసుల్లో అడిగారన్నారు. ఆఫీసులో ఒక్కో మనిషికి ఒక టేబులు, మధ్య మూరెడు జాగా. నా గదిలో భుజానికి భుజం రాసుకుంటూ కూర్చుంటారు. ఆ సూత్రం ఇక్కడ పనిచేస్తుందని మీరెలా అంటారు? రెండోది, వేడి మరీ పెరిగితే ఫ్యానే ఎదురుతిరుగుతుందంటారు.

మాస్టారు: మొదటిది నువ్వు సరిగ్గా పట్టుకున్నావు. ఆ సూత్రంలో తేమ లేదు, కిక్కిరిసిన బెంచీలు అంతకంటే లేవు. భుజానికి భుజం తగిలినచోట చెమట ఆరదు, పక్కవాడి వేడి నీకు తగులుతుంది. నీ గదిలో మనిషికి వచ్చేది 8 చదరపు అడుగులు. అంచేత 33 అన్నదాన్ని నేను 32కి, ఇంకా తక్కువకి దించుకున్నాను. రెండోదానికి కొలతలున్నాయి. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో మనుషుల్ని కూర్చోబెట్టి చూశారు. 40 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్నప్పుడు ఫ్యాను గుండె మీద భారం తగ్గించింది. 47 డిగ్రీల పొడి వేడిలో మాత్రం ఫ్యాను హానే చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 40 దాటాక ఒట్టి ఫ్యాను నమ్ముకోవద్దంటోంది. గది లోపల 40కి వచ్చిందంటే నేను ఇందాక చెప్పినవేవీ నువ్వు చేయలేదన్నమాట, అప్పుడు చేయాల్సింది క్లాసు వదిలేయడం. మన ప్రభుత్వాలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మార్చి నడిమికి ఒంటిపూట బడులు పెడతారు, ఏప్రిల్ ఆఖర్లో సెలవులిస్తారు. పైసా ఖర్చు లేని ఉపాయం. దాన్ని ఉల్లంఘించి మే నెల మధ్యాహ్నం రెండింటికి పిల్లల్ని నాలుగో అంతస్తు ఎక్కిస్తున్నది ఎండ కాదు, నువ్వు.

కరస్పాండెంటు: పోటీ పరీక్ష మేలోనే ఉంటే నన్నేం చేయమంటారు? పోనీ, పొద్దున ఆరింటికి మొదలెట్టి పదకొండున్నరకి వదిలేస్తాననుకోండి. మరి సముద్రపు గాలి తిరిగిన రోజు సంగతేమిటి? విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నంలో మాకు బ్రాంచీలున్నాయి. అక్కడ పొద్దున ఎనిమిదికే ఒళ్లు జిడ్డు. మీ కూలర్ అక్కడేం చేస్తుంది?

మాస్టారు: ఏమీ చేయదు. 35 డిగ్రీలు, తేమ 65 శాతం ఉన్నప్పుడు తడి బల్బు 29 దాటుతుంది. కూలర్ దించేది 4 డిగ్రీలు, దానికి బదులుగా గాలినంతా నీటితో నింపుతుంది. రామగుండం, నిజామాబాద్, కర్నూలు పిల్లలకి వరమైనది కాకినాడ పిల్లలకి శిక్ష. విజయవాడలో పడమటి గాలి కొట్టిన రోజు వేయాలి, తూర్పు గాలి తిరగ్గానే నీళ్ల పంపు ఆపి ఒట్టి ఫ్యాన్లా నడపాలి. తీరం ఊళ్లలో మిగిలేది గాలి వేగం, తెల్ల కప్పు, పొద్దుటి వేళ, తక్కువ మంది. ఆ నాలుగూ చేసినా మేలో కొన్ని రోజులు ఉక్కపోత ఓడిస్తుంది. దాన్ని దాచను. అలాంటిచోట ఒక్క గదిని బయటి గాలి వచ్చేలా సరైన ఏసీతో కట్టించి ఉంచు, నీరసపడ్డవాళ్లకి, ఉబ్బసం ఉన్నవాళ్లకి. అంతేగాని అన్ని గదులకీ థర్మకోల్ కొట్టించకు.

కరస్పాండెంటు: చివరికి ఫిజిక్సుకి అందని మాట ఒకటి చెబుతాను. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు మొదట అడిగేది ర్యాంకులు, రెండోది ఏసీ. కప్పుకి తెల్ల పూత వేయించామంటే ఎవరు చేరతారు?

ఈ ప్రశ్నకి మాస్టారి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఏసీ కనపడుతుంది, గాలి మార్పిడి కనపడదు. బ్రోషర్‌లో ఫొటో వేయడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బాగోదు. కాకపోతే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఇప్పుడు కొద్ది వేల రూపాయల్లో దొరుకుతోంది, గోడకి తగిలిస్తే అంకె ఎర్రగా వెలుగుతుంది. తల్లిదండ్రులు చదవగలిగిన అంకె కావాలంటే అదొకటి ఉంది. మాస్టారు ఆ దారే పట్టారు.

మాస్టారు: నా మాటా వద్దు, నీ మెకానిక్ మాటా వద్దు. పై అంతస్తులోనే పక్కపక్క గదులు రెండు తీసుకో. ఒకదానికి నీ ఏసీలు. రెండోదానికి పైన తెల్ల పూత, ఎనిమిది ఫ్యాన్లు, ఎగ్జాస్టులు, కూలర్. రెండింట్లోనూ థర్మామీటరు, తేమ మీటరు, కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టు. మే రెండో వారంలో రోజూ ఒకే టెస్టు పేపరు రెండు గదుల్లో పెట్టించు. మార్కులు వచ్చాక మాట్లాడుకుందాం.

కరస్పాండెంటు: పెడతాను. కాని ఏసీ గదిలో నలభై మందే ఉంటారు మాస్టారూ, ఫీజు ఎక్కువ కదా. ఫ్యాన్ల గదిలో అరవై.

మాస్టారు: అయితే ఒక వారం ఆ నలభై మందినీ ఫ్యాన్ల గదికి మార్చి, అరవై మందినీ ఏసీ గదిలోకి పంపు.

కరస్పాండెంటు: ఆ ఫీజు కట్టినవాళ్లు ఊరుకోరండీ.